ఒక్క గదిలో ఫుట్‌బాల్ కీర్తి మందిరం: గోదావరి డెల్టా ఊళ్ల కోసం ఒక పద్ధతి

కోనసీమలో పాత హైస్కూలు ఏదైనా చూడండి, ప్రధానోపాధ్యాయుని గదిలో బీరువా మీద నల్లబడిన కప్పులు రెండు మూడు కనిపిస్తాయి. వాటిని ఎవరు తెచ్చారని అడిగితే, అటెండరు దగ్గర్నుంచి మాస్టారి దాకా అందరూ "పూర్వం బాగా ఆడేవారండీ" అని ఊరుకుంటారు. ఆ ఆడినవారికి పేర్లున్నాయి, వారిలో కొందరు ఇంకా మన మధ్యే ఉన్నారు, వారి జెర్సీలు ఏ ట్రంకుపెట్టెలోనో మడతల మీద చిరిగిపోతున్నాయి. వ్యాయామోపాధ్యాయుడిగా చాలా ఏళ్లు పనిచేసి, పదవీ విరమణ తరువాత మా ఊరి పాత ఆటగాళ్లతో కలిసి ఒక గదిలో ఫుట్‌బాల్ కీర్తి మందిరం ఏర్పాటు చేసిన అనుభవంతో ఈ పద్ధతి రాస్తున్నాను. ఇంగ్లీషులో హాల్ ఆఫ్ ఫేమ్ అనే దీనికి పెద్ద భవనం, పెద్ద నిధి అవసరం లేదు. ఒక పేరు, ఆ పేరుకు రుజువు, ఆ రుజువుకు తోడుగా ఒక వస్తువు లేదా ఒక గొంతు కావాలి. ఈ మూడూ కుదిరిన పేరునే గోడ మీదికి ఎక్కించాలన్నది నా గట్టి అభిప్రాయం. ఈ కట్టుబాటు లేని చోట దండ వేసిన ఫొటోల వరుస మిగులుతుంది తప్ప మ్యూజియం తయారు కాదు.

ముందు నియమం, తరువాత పేర్లు

ఈ పనిలో అందరూ చేసే మొదటి పొరపాటు పేర్ల జాబితాతో మొదలుపెట్టడం. పేర్లు ముందొస్తే ప్రతి నియమాన్నీ ఆ పేర్లకు సరిపోయేలా కత్తిరించవలసి వస్తుంది, రెండో సమావేశానికే ఊరు రెండు వర్గాలవుతుంది. అందుచేత మొదటి రోజు ఎవరి పేరూ ఎత్తకుండా, అర్హత ఏమిటో ఒక పేజీలో రాసి, అందరి చేతా సంతకాలు చేయించాలి.

నమూనాలు మనకు ఉన్నాయి. ఇంగ్లండులో నేషనల్ ఫుట్‌బాల్ మ్యూజియం 2001లో ప్రెస్టన్‌లో మొదలై, 2012లో మాంచెస్టర్‌కు మారింది. దాని హాల్ ఆఫ్ ఫేమ్ 2002లో ప్రారంభమైంది. అందులో చోటు దక్కాలంటే వయసు కనీసం 30 ఏళ్లుండాలి, ఇంగ్లండులో కనీసం 5 సంవత్సరాలు ఆడి గాని, శిక్షణ ఇచ్చి గాని ఉండాలి. ఎంపిక చేసేది మాజీ ఆటగాళ్లు, ఫుట్‌బాల్ చరిత్రకారులు కలిసిన బృందం. అమెరికాలో కూపర్స్‌టౌన్‌లో ఉన్న బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ నియమం మరీ కఠినం. ఆటగాడు 10 సీజన్లు ఆడి ఉండాలి, ఆట మానేసి 5 ఏళ్లు గడిచి ఉండాలి, ఓటు వేసినవారిలో 75 శాతం మంది ఒప్పుకోవాలి. ఆట వేరైనా ఆ 5 ఏళ్ల ఆగుడు, ఆ 75 శాతం మనం తెచ్చుకోదగినవే. ఆట ఆపిన వెంటనే ఉండే మోజు 5 ఏళ్లలో తగ్గి, ఆటగాడి అసలు స్థాయి తేలుతుంది. ఇక ముప్పాతిక వంతు మంది ఒప్పుకోవాలన్న నియమం ఉంటే ఏ ఒక్క వీధివారో, ఏ ఒక్క బడివారో బలంతో పేరు నెగ్గించుకోలేరు.

ఎంపిక సంఘంలో 7 లేదా 9 మంది చాలు. అందులో కనీసం ఇద్దరు పొరుగూరివారు ఉండాలి, ఎందుకంటే మన గోల్‌కీపరు ఎంత గొప్పవాడో అతని మీద గోల్ కొట్టలేక వెనుదిరిగిన ఊరివారికే బాగా తెలుస్తుంది. తన తండ్రి పేరో, మేనమామ పేరో చర్చకు వచ్చిన సభ్యుడు ఆ చర్చ ముగిసేవరకు గది బయట కూర్చోవాలి. చందా ఇచ్చినవారిని సభలో గౌరవించండి, గుమ్మం పక్కన పలక మీద వారి పేరు రాయించండి. కానీ చందా ఇచ్చినందుకు ఎంపికలో ఓటు మాత్రం ఇవ్వవద్దు. ఈ మాట మొదటి రోజే మర్యాదగా చెప్పేస్తే ఎవరూ నొచ్చుకోరు, తరువాత చెబితే అందరూ నొచ్చుకుంటారు. మొదటి ఏడాది 5 పేర్లకు మించి తీసుకోకండి.

స్త్రీల విషయం నియమంలోనే ఉండాలి. ఇంగ్లండు హాల్ ఆఫ్ ఫేమ్‌లో ప్రవేశం పొందిన మొదటి స్త్రీ లిలీ పార్. ప్రెస్టన్‌లో డిక్ కెర్ లేడీస్ జట్టుకు ఆడిన ఆమెను 2002లో తొలి విడతలోనే తీసుకున్నారు. 1921లో అక్కడి ఫుట్‌బాల్ అసోసియేషన్ తన క్లబ్బుల మైదానాల్లో ఆడవారి ఆటను నిషేధించింది, ఆ నిషేధం 50 ఏళ్లు నడిచింది. అంటే ఆమె ఆడిన కాలంలో ఎక్కువ భాగం ఆమెకు మంచి మైదానమే లేదు. మన దేశంలో శాంతి మల్లిక్ 1983లో అర్జున పురస్కారం అందుకున్నారు. మణిపూర్ ఆటగత్తె ఒయినామ్ బెంబెం దేవికి 2017లో అర్జున, 2020లో పద్మశ్రీ వచ్చాయి. మన డెల్టా బడుల్లో ఆడిన అమ్మాయిల పేర్లు కప్పుల మీద దొరకవు, పెళ్లితో ఇంటిపేరూ ఊరూ మారిపోయి ఉంటాయి. వారిని వెతకడం సంఘంలో ఒకరికి ప్రత్యేక బాధ్యతగా అప్పగించాలి, లేకపోతే ఎవరూ వెతకరు.

గోడ మీద ఎవరికి ఎంత చోటు

పిల్లలు మెస్సీ బొమ్మ కావాలంటారు, మా తరంవారు పీలే, మారడోనా అంటారు. వారికి ఒక మూల ఇవ్వండి, అంతకన్నా వద్దు. వారిని తలుచుకోవడానికి ప్రపంచంలో చోట్లు చాలా ఉన్నాయి. జ్యూరిక్‌లో 2016లో తెరిచిన ఫిఫా మ్యూజియం ఉంది, సావోపావ్లోలో పకయెంబూ స్టేడియంలో 2008 నుంచి నడుస్తున్న మ్యూజియం ఉంది. మన గదిలో పెద్ద గోడ తెలుగు నేల ఆటగాళ్లది, దానికి ఎదురు గోడ మన ఊళ్లవారిది కావాలి.

పెద్ద గోడకు కొరత లేదు. హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లోనూ, 1962లో జకార్తాలోనూ స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు తెచ్చింది. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాపై 2–1తో గెలిచిన మరుసటి ఏడే, 1963 జూన్ 11న, ఆయన క్యాన్సరుతో కన్నుమూశారు. సికిందరాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, యూసఫ్ ఖాన్, 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్, షబ్బీర్ అలీ, వీరందరూ ఆ గోడకు తగినవారే. రాష్ట్రాల జట్ల జాతీయ పోటీ అయిన సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956–57, 1957–58 సీజన్లలో వరుసగా గెలిచింది, 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు గెలిచింది. ఈ సంగతులు మా ఊరి పిల్లలకు చెప్పినప్పుడు మొదట నమ్మలేదు. వారు నమ్మలేకపోయారన్న బాధే నన్ను ఈ పనిలోకి దింపింది.

నోటి మాటను తేదీకి ఎక్కించడం

ఊరి గోడకు ఆధారం ముసలివారి జ్ఞాపకం. దాన్ని సేకరించడానికి ఫోనులో రికార్డరు చాలు. ఫ్యాను ఆపి, టీవీ ఆపి, వీధి వైపు తలుపు మూసి, ముందుగా తేదీ, ఊరు, ఇద్దరి పేర్లు చెప్పి మొదలుపెట్టండి. మనవలు పక్కన కూర్చుని మాట అందిస్తుంటే పెద్దాయన ఆగిపోతారు కాబట్టి వారిని కాసేపు వేరే గదిలో ఉండమనండి. గంటకు మించి కూర్చోబెట్టవద్దు, మర్నాడు మళ్లీ వెళ్లవచ్చు.

సంవత్సరం అడిగితే ఎవరికీ గుర్తుండదు. ఇక్కడ గోదావరే మనకు క్యాలెండరు. 1953 ఆగస్టు వరద, 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుఫాను ఈ మూడూ మన జిల్లాల్లో ప్రతి పెద్దవారికీ గుర్తే. యానాం వైపువారికి 1954లో ఫ్రెంచివారు వెళ్లిపోయిన సంగతి కూడా గుర్తుంటుంది. నేను ఒక మాజీ గోల్‌కీపరుగారిని ఫలానా కప్పు ఏ సంవత్సరమని మూడు సార్లు అడిగినా "గుర్తులేదు బాబూ" అన్నారు. "ఎనభయ్యారు వరదకి ముందా, తరవాతా బాబాయిగారూ?" అని అడిగేసరికి లేచి కూర్చున్నారు. "ముందేనండి. ఆ వరదకే కదా మన ఫీల్డంతా ఇసక మేటేసింది. ఆ పై ఏడు ఆటే లేదు." ఆ ఒక్క మాటతో ఆ కప్పు 1986 ఆగస్టుకు ముందుదని తేలింది. కప్పు మీద కాగితం కప్పి పెన్సిలు రుద్ది చూస్తే 1984 అని బయటపడింది.

అయితే జ్ఞాపకం ఒక్కదాన్నే నమ్మి పలక చెక్కించవద్దు. ప్రతి ముఖ్యమైన సంగతికీ ఒకరితో ఒకరికి సంబంధం లేని రెండు ఆధారాలు ఉండాలి. ఇద్దరు వేర్వేరు జట్లవారి మాటలు కావచ్చు, లేదా ఒకరి మాటా ఒక కాగితమూ కావచ్చు. బడి వార్షికోత్సవ సంచికలు, ధ్రువపత్రాలు, పాత దినపత్రికల జిల్లా పేజీలు, జట్టు ఫొటో వెనుక స్టూడియో ముద్ర, ఇవన్నీ కాగితాలే. ఫొటోలో బంతిని కూడా చూడండి. నలుపు తెలుపు ముక్కలతో కుట్టిన 32 ముక్కల బంతి 1970 మెక్సికో ప్రపంచ కప్పుతోనే లోకమంతటా పరిచితమైంది. కాబట్టి 1955 నాటిదని ఇచ్చిన ఫొటోలో ఆటగాడి కాళ్ల దగ్గర ఆ బంతి ఉంటే తేదీని అనుమానించాలి. తోలు పట్టీలతో, నోటి దగ్గర తాడుతో బిగించిన బంతి ఉంటే అది పాత కాలపుదని కొంత ధైర్యంగా అనుకోవచ్చు.

బాగా ప్రచారమైన కథలతో మరింత జాగ్రత్త అవసరం. బూట్లు లేకుండా ఆడనివ్వం అన్నందుకే భారత జట్టు 1950 ప్రపంచ కప్పుకు వెళ్లలేదని మనం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. అది నిజం కాదని ఆనాటి కెప్టెన్ శైలేన్ మన్నాయే తరువాతి కాలంలో చెప్పారు. అప్పట్లో మన ఫుట్‌బాల్ పెద్దలు ఒలింపిక్స్‌కు ఇచ్చిన విలువ ప్రపంచ కప్పుకు ఇవ్వలేదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవారిలో చాలామంది ఉత్త కాళ్లతో ఆడి ఫ్రాన్స్ చేతిలో 1–2తో ఓడినమాట మాత్రం నిజం. దేశం మొత్తం మీద ఇలాంటి కథ ఒకటి అంతకాలం చెల్లుబాటైనప్పుడు, మన ఊరి కథలు ఎంత చెల్లుతాయో ఊహించుకోవచ్చు.

వస్తువు చేతికి వచ్చిన రోజు

పెద్దలు ఊరికే అనలేదు, ఎరువుల సొమ్ము బరువుల చేటు. ఒక వస్తువు మన గదికి వచ్చిందంటే అది దానమా, ఎరువా (అంటే తిరిగి ఇవ్వవలసిన అరువా) అన్నది అదే రోజు కాగితం మీద తేలిపోవాలి. దానమైతే ఇచ్చినవారి సంతకంతో, వీలైతే తోబుట్టువుల సమ్మతితో దానపత్రం రాయించుకోండి. పెద్ద కొడుకు ఇచ్చిన జెర్సీని రెండో కూతురు వచ్చి అడిగితే మన దగ్గర జవాబు ఉండాలి. ఎరువైతే ఎన్నాళ్లకు, ఎవరికి తిరిగి ఇవ్వాలి, ఇచ్చిననాడు వస్తువు ఏ స్థితిలో ఉంది అన్నవి రాసి, నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి జతచేయండి.

తరువాత రిజిస్టరు. గట్టి అట్ట ఉన్న, పేజీలు కుట్టిన పుస్తకం వాడండి, విడికాగితాల ఫైలు వద్దు. ప్రతి వస్తువుకు ఒక సంఖ్య ఇవ్వాలి. 2024.5.3 అంటే 2024లో అయిదో దాత ఇచ్చిన మూడో వస్తువు. ఈ పద్ధతిని మ్యూజియంలు చాలాకాలంగా వాడుతున్నాయి. ఫొటోల వెనుక అంచున మెత్తని పెన్సిలుతో ఆ సంఖ్య రాయండి, బాల్ పెన్ను రాత ముందు వైపుకు ఉబ్బుతుంది. జెర్సీకి మాత్రం సంఖ్యను చిన్న నూలు పట్టీ మీద రాసి, ఆ పట్టీని లోపలి అంచున రెండు మూడు వదులు కుట్లతో కుట్టాలి. నరసాపురం వైపు లేసు అల్లే అమ్మలకు ఈ పని ఇవ్వండి. వారి సూది పోగుల మధ్య నుంచే వెళుతుంది, పోగును చీల్చదు. మాకు ఆ పని చేసిపెట్టిన ఆవిడ 1970ల నాటి జెర్సీ మీద కుట్టిన పట్టీని నేను అద్దంతో చూసినా కుట్టు ఎక్కడ దిగిందో కనిపెట్టలేకపోయాను.

చెమ్మతో పోరాటం

ఈ భాగం మీద ఎక్కువసేపు నిలవాలి, ఎందుకంటే లండన్‌లోనో, గ్లాస్గోలోనో రాసిన పద్ధతులు మన డెల్టాకు నేరుగా పనికిరావు. మనకు మూడు వైపులా నీరు, ఒక వైపు సముద్రపు ఉప్పుగాలి, ఏడాదిలో సగం రోజులు గోడ నెమ్ము. గాలిలో తేమ 65 శాతం దాటి కొన్ని రోజులు నిలిస్తే తోలుకు, గుడ్డకు, కాగితానికి బూజు పడుతుంది. మన ముసురు రోజుల్లో అది 90 దాటడం మామూలే. గది మొత్తాన్ని ఆరబెట్టాలని చూస్తే ఖర్చుకు అంతుండదు, పెట్టెలను ఆరబెట్టుకుంటే చాలు.

మూత బిగుతుగా పట్టే పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలు కొని, ప్రతి పెట్టెలో తేమను పీల్చే సిలికా జెల్ (రంగు మారే రకం) సంచి, చిన్న తేమ మీటరు పెట్టండి. మీటరు 45 నుంచి 55 మధ్య ఉంటే నిశ్చింత. జెల్ రంగు మారగానే తీసి, ఓవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు వేడిచేస్తే మళ్లీ పనిచేస్తుంది. మూత తెరిచి ఉంచిన పెట్టెలో జెల్ పెట్టడం గోదాట్లో ఉప్పు కలిపినట్టే. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేయడం అసలు ఏసీ లేకపోవడం కంటే చెడ్డది, ఎందుకంటే రోజూ తేమ పడిలేస్తుంటే తోలూ కాగితమూ ముడుచుకుని విచ్చుకుని పగులుతాయి. ముసురు పట్టినప్పుడు కిటికీలు మూసి, ఫ్యాను తిప్పండి. పొడి ఎండ కాసిన రోజున తెరవండి.

పాత తోలు బంతి వచ్చిందనుకుందాం. ఎండిపోయి, బిరుసెక్కి, ఒక వైపు సొట్ట పడి ఉంటుంది. చూడగానే ఎవరో ఒకరు కొబ్బరి నూనె తెస్తారు, కోనసీమ కదా. రాయనివ్వకండి. నూనె తోలును నల్లబరుస్తుంది, దుమ్మును పట్టుకుంటుంది, బూజుకు మేత అవుతుంది, ఒకసారి ఇంకాక తీయడం ఎవరి వల్లా కాదు. గాలి కొట్టి సొట్ట తీయాలని చూసినా ప్రమాదమే, లోపలి రబ్బరు బ్లాడరు ఎండి పెళుసుబారి ఉంటుంది, కుట్లు విడిపోతాయి. నోటి దగ్గర తాడు ఇప్పటికే ఊడి ఉంటే, పలుమార్లు ఉతికి గంజి పూర్తిగా పోయిన పాత నూలు పంచె ముక్కలను మెల్లగా లోపలికి దోపి ఆకారం నిలపండి. తాడు బిగించి ఉంటే విప్పకండి. బంతిని నున్నటి బల్ల మీద నిలిపితే బరువంతా ఒకే చోట పడుతుంది కాబట్టి, అదే పంచె గుడ్డతో చుట్టకుదురులాంటిది చేసి దాని మీద కూర్చోబెట్టండి. బిందె కింద పెట్టే చుట్టకుదురు ఆకారమే సరిగ్గా సరిపోతుంది. బూజు కనిపిస్తే ముక్కుకు మాస్కు కట్టుకుని, బంతిని గదికి దూరంగా నీడపట్టున రెండు రోజులు ఆరనిచ్చి, బూజు పొడిగా మారాక మెత్తని కుంచెతో బయటి వైపుకు దులపాలి. తడిగా ఉండగా తుడిస్తే అది తోలు రంధ్రాల్లోకి దిగుతుంది.

జెర్సీలను కొక్కేనికి వేలాడదీయకండి, సొంత బరువుకే భుజాలు సాగిపోతాయి. బల్లపరుపుగా పరిచి, మడత తప్పనప్పుడు మడతలో గుడ్డ చుట్ట పెట్టండి. పురుగు పట్టిన గుడ్డను పాలిథిన్ సంచిలో గాలి పోకుండా మూసి, ఇంట్లో ఫ్రీజరులో సున్నాకు దిగువ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచితే పురుగూ గుడ్డూ చస్తాయి. బయటకు తీశాక సంచిని ఒక రోజంతా తెరవకూడదు, తెరిస్తే చల్లటి గుడ్డ మీద నీరు పడుతుంది. కలరా ఉండలు, వేపాకు వస్తువును తాకేలా పెట్టవద్దు, రెండూ మరకలు చేస్తాయి.

ధ్రువపత్రాలకు లామినేషన్ చేయించడం మనవారికి ఉన్న అలవాట్లలో అన్నిటికంటే నష్టం చేసేది. వేడికి కరిగి అతుక్కున్న ఆ పొర మళ్లీ రాదు. సెల్లోటేపు కూడా అంతే. ఫొటోల విషయంలో నేను స్వయంగా నష్టపోయాను. మొదటి ఏడాది, 11 మంది నిలబడిన ఒక పాత జట్టు ఫొటోను పట్నంలోని ఒక ఫ్రేముల దుకాణంలో ఇచ్చాను. వారు ఫొటోను నేరుగా అద్దానికి ఆనించి బిగించారు, నేనూ చూసుకోలేదు. శ్రావణ మాసం దాటేసరికి కుడి వైపు నలుగురి ముఖాలు అద్దానికి అతుక్కుపోయాయి. లాగితే రసాయనపు పొర అద్దంతోనే వచ్చేస్తుందని తెలిసి, అద్దం మీదుగానే స్కాన్ చేయించాను. ఆ నలుగురి ముఖాల మీద ఆ మచ్చలు అలాగే ఉన్నాయి. కనుక ఫొటోకూ అద్దానికీ మధ్య అట్ట చట్రం ఉండి తీరాలి. అంతకన్నా మంచి పద్ధతి, అసలు ఫొటోను పెట్టెలో దాచి, 600 డీపీఐలో స్కాన్ చేసిన నకలును గోడకు పెట్టడం. చూడవచ్చినవారికి ఏ లోటూ ఉండదు, వెలుతురు తగిలి వెలిసిపోయేది నకలే అవుతుంది.

అసలు జెర్సీని ప్రదర్శించక తప్పనప్పుడు దాని మీద పడే వెలుతురు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) మించకూడదు. ఫోనులో లక్స్ కొలిచే యాప్ ఉజ్జాయింపుగా చెబుతుంది. మూడు నెలలకు ఒకసారి దాన్ని పెట్టెలోకి మార్చి మరొకటి పెట్టండి. కప్పులను చింతపండుతోనూ, బూడిదతోనూ తోమకండి. చాలా కప్పులు వెండి పూత పూసినవే, రెండు దసరాలు తోమితే పూతా పోతుంది, చెక్కిన అక్షరాలూ అరుగుతాయి. పొడి మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. అక్షరాలు చదవడానికి పలుచని కాగితం కప్పి, మెత్తని పెన్సిలును అడ్డంగా రుద్దండి, లేదా చీకటిగదిలో టార్చిలైటు పక్క నుంచి వేయండి.

ఇక వరద, తుఫాను. గది ఎంపికలో మేడ మీద గది దొరికితే అదే తీసుకోండి, దొరకకపోతే ఆ వీధిలో 1986 నీళ్లు ఎంతవరకు వచ్చాయో అడిగి, ఆ గుర్తుకు రెండు అడుగుల పైనే అట్టడుగు అర ఉండేలా చూడండి. అరలను గోడకు అరడుగు దూరంలో నిలపాలి, నెమ్ము గోడను తాకితే చెక్కకు చెదలు పడుతుంది. బరువు తక్కువగా ఉండి మళ్లీ దొరకని వస్తువుల పేర్లను ఒక కాగితం మీద వరుసగా రాసి తలుపు లోపలి వైపు అతికించండి. తుఫాను హెచ్చరిక వచ్చిన రాత్రి తాళం తీసినవారెవరైనా ఆ వరుసలోనే మోసుకుపోవాలి. స్కాన్ల నకలు ఒకటి డెల్టా బయట, రాజమహేంద్రవరంలోనో, హైదరాబాదులోనో ఉన్న మన ఊరివారి ఇంట్లో హార్డ్ డిస్కులో ఉండాలి. మన పెట్టెలన్నీ తడిసిన రోజున పక్క వీధిలోని నకలూ తడిసే ఉంటుంది.

పలక మీద రాత

పలక మీద విశేషణాలు తగ్గించండి. "అఖండ ఖ్యాతి గాంచిన", "సాటిలేని మేటి" అని రాస్తే ప్రతి పలకా ఒకటే అయిపోతుంది, చదివినవారికి ఆటగాడు కనిపించడు. 50 మాటలకు మించకుండా, చేసిన పని రాయండి. మేము బలరాం గారి పలకను ఇలా రాసుకున్నాం: "తులసీదాస్ బలరాం. సికిందరాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టారు. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారతదేశానికి ఆడారు. రోమ్‌లో హంగేరీపై ఒకటి, పెరూపై ఒకటి గోల్ చేశారు. 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టు సభ్యులు. అదే ఏడు అర్జున పురస్కారం. 2023 ఫిబ్రవరి 16న మరణించారు." ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు, అయినా ఒక కుర్రవాడు చదివి హంగేరీ పేరు దగ్గర ఆగి, అది ఎంత పెద్ద జట్టో అడిగాడు.

ఊరి ఆటగాళ్ల పలకల్లో వీధి పేరు, బడి పేరు, ఆడిన స్థానం తప్పక ఉండాలి. అక్షరాలు కనీసం 24 పాయింట్ల పరిమాణంలో, తెల్ల అట్ట మీద నల్లగా, పిల్లల కళ్లకు అందే ఎత్తులో పెట్టండి. చదవలేని పెద్దల కోసం ప్రతి పలక పక్కన చిన్న క్యూఆర్ గుర్తు అంటించి, దాని వెనుక ఆ ఆటగాడి గొంతు రికార్డును ఉంచితే, మనవడి ఫోనులో తాతగారు మళ్లీ మాట్లాడతారు.

ప్రవేశోత్సవం నాడు, ఆ తరువాత

ప్రవేశోత్సవానికి సంక్రాంతి సెలవులు మంచివి. హైదరాబాదు, బెంగళూరు వెళ్లినవారంతా ఊళ్లో ఉంటారు, గాలిలో తేమ తక్కువ, కోతలు అయి చేలు ఆరి ఉంటాయి. సభ గంటలో ముగించి, ఆ సాయంత్రం పాత జట్టుకూ బడిపిల్లల జట్టుకూ 20 నిమిషాల ఆట పెట్టండి. శాలువా కప్పడం ఎలాగూ ఉంటుంది, దానితో పాటు గౌరవం పొందినవారి చేతనే రిజిస్టరులో వారి పేరు పక్కన సంతకం చేయించండి. చేయి వణికితే వేలిముద్ర వేయించండి. మరణించినవారి తరఫున ఇంటివారు చేయాలి, భార్య ఉంటే ముందు ఆమె.

ఆ తరువాత పని చాలావరకు ఒక ఆదివారానిది. నెలలో మొదటి ఆదివారం ఉదయం ఇద్దరు వచ్చి ప్రతి పెట్టె మీటరు అంకె రిజిస్టరు చివరి పేజీల్లో రాయాలి, జెల్ రంగు చూడాలి, అరల కాళ్ల దగ్గర చెదల మట్టి ఉందేమో టార్చిలైటు వేసి చూడాలి, ఎరువు గడువు ముగిసిన వస్తువులు ఏవైనా ఉంటే ఆ ఇంటికి ఫోను చేయాలి. మా దగ్గర ఆ ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ పదో తరగతిలోపు పిల్లలే. ఏడాదికొకరు మారతారు, పాతవారు కొత్తవారికి పెట్టె తెరిచి చూపించి, బంతిని రెండు చేతులతో ఎలా ఎత్తాలో నేర్పి వెళతారు.